ఇంట్లో పులి, వీధిలో పిల్లి



గుంటూరు జిల్లాలో ఒక నూలు మిల్లు ఉంది. పేరు చెప్పను, దానితో మనకు పనీ లేదు. ఆ మిల్లు అకౌంట్స్ ఆఫీసులో ఎనిమిదో తొమ్మిదో కంప్యూటర్లు, వెనక గదిలో ఒక సర్వరు. టాలీ లెక్కలన్నీ రోజూ రాత్రి ఒంటిగంటకు ఆ సర్వరులోకి కాపీ అయ్యేలా ఎవరో ఒక చిన్న స్క్రిప్టు రాసిపెట్టారు. స్క్రిప్టు అంటే పెద్ద సాఫ్ట్‌వేరేమీ కాదండీ. 'ఈ ఫోల్డరులో ఉన్నవన్నీ తీసుకెళ్ళి ఆ ఫోల్డరులో పెట్టు' అని రాసిన నాలుగు లైన్ల చీటీ. ఊరెళ్తూ పనిమనిషి కోసం ఫ్రిజ్ మీద చీటీ అంటించి వెళ్తామే, అట్లాంటిది.

ఒకరోజు పొద్దున్నే అకౌంటెంటు గారు ఫోను చేశారు. "బాబూ, పదిహేను రోజుల నుంచి బ్యాకప్ పడటం లేదు. ఇవాళే చూసుకున్నాం. ఒకసారి వస్తావా?" అన్నారు. వెళ్ళాను. ఆయన నా కళ్ళముందే ఆ స్క్రిప్టు మీద రెండుసార్లు క్లిక్ చేశారు. నల్ల కిటికీ ఒకటి తెరుచుకుంది, ఫైళ్ళ పేర్లు జరజరా పైకి పాకాయి, కిటికీ మూసుకుంది. సర్వరులో చూస్తే ఫైళ్ళన్నీ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. "చూశావా, పగలు నడుస్తోంది. రాత్రే నడవటం లేదు. దీనికేమన్నా రేచీకటా?" అన్నారాయన.

నవ్వాను గాని, మా వృత్తిలో ఈ రేచీకటి చాలా పాత జబ్బు. మనిషి ముందు కూర్చుని నడిపితే నడుస్తుంది, మనిషి లేకపోతే పడుకుంటుంది. దానికి మందు వేసేవాళ్ళు ఎక్కువ, నాడి చూసేవాళ్ళు తక్కువ.

నాడి ఎక్కడుందో చెబుతాను. పగలు ఆ చీటీ చదివి పని చేసినది ఎవరు? అకౌంటెంటు గారు. ఆయన తన పాస్‌వర్డు కొట్టి లోపలికి వచ్చారు కాబట్టి ఆ స్క్రిప్టు ఆయన పేరు మీద, ఆయన హక్కులతో నడిచింది. రాత్రి ఒంటిగంటకు ఆఫీసులో ఎవరున్నారు? గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప పురుగు లేదు. ఆ వేళకు విండోస్‌లోని టాస్క్ షెడ్యూలరు ఆ చీటీని ఇంకొకరి చేతిలో పెడుతోంది. ఆ ఇంకొకరు మనిషి కాదు. ఆయన పేరు సిస్టమ్.

ఈ సిస్టమ్ అనే ఆసామి 1993లో విండోస్ ఎన్‌టీ పుట్టినప్పటి నుంచీ ప్రతి మెషీన్‌లోనూ కాపురం ఉంటున్నాడు. విజయవాడలో ఉన్న మెషీన్ తీసుకున్నా, వియన్నాలో ఉన్నది తీసుకున్నా ఆయన గుర్తింపు నంబరు ఒకటే, ఎస్-1-5-18. ఆయనకు పాస్‌వర్డు లేదు. లాగిన్ తెర మీద ఆయన బొమ్మ రాదు. మీరు కంప్యూటరు ఆన్ చేసి, కాఫీ కలుపుకుని వచ్చి, మీ పేరు కొట్టేలోపల జరిగే పనుల్లో చాలాభాగం ఆయన చేతి మీదుగానే జరుగుతాయి. అడ్మినిస్ట్రేటరు కంటే కూడా పెద్ద చెయ్యి అని మాలో ఒక వాడుక ఉంది. విస్టా వచ్చినప్పటి నుంచి విండోస్ సొంత ఫైళ్ళు కొన్నింటిని ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే ఇంకో పెద్దమనిషి పేరు మీద రాశారు గనక, ఈయనకూ అందని అటకలు ఉన్నాయి. అవి వదిలేస్తే ఆ మెషీన్‌లో ఈయన ఆడింది ఆట.

మరి అంతటి వాడికి నాలుగు ఫైళ్ళు కాపీ చెయ్యడం చేతకాలేదా?

మిల్లులో జరిగింది ఇదీ. స్క్రిప్టు రాసిన కుర్రాడు దాన్ని తన అకౌంటు మీద పెట్టాడు. 'నేను లాగిన్ అయి ఉంటేనే నడుపు' అన్న గడి మీద టిక్కు. అతను సాయంత్రం వెళ్ళేటప్పుడు కంప్యూటరు లాక్ చేసేవాడే గాని లాగౌట్ అయ్యేవాడు కాదు. కాబట్టి రాత్రంతా కాగితం మీద అతను ఆఫీసులోనే ఉన్నట్టు లెక్క. ఏడాది నడిచింది. తర్వాత వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు, అకౌంటు తీసేశారు, బ్యాకప్ ఆగిపోయింది. అప్పుడు బయటి నుంచి ఇంకొకాయన్ని పిలిచారు. ఆయన వచ్చి టాస్కును సిస్టమ్ పేరు మీదకు మార్చి, పర్మిషన్ల ఇబ్బందేమోనని డి డ్రైవులో టాలీ డేటా ఉన్న ఫోల్డరు మొత్తానికి 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' అని ఇచ్చి, పగలు ఒకసారి నడిపి చూపించి, డబ్బులు తీసుకుని వెళ్ళారు.

ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్. అంటే అందరికీ, అన్నీ. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే. పైగా ఇక్కడ ఇల్లు కాలింది గాని ఎలుకలు పోలేదు. ఆ రాత్రీ బ్యాకప్ పడలేదు.

ఆ బయటి ఆయన్ని నేను మరీ తప్పు పట్టను. మేమందరం ఏదో ఒక రాత్రి రెండింటికి ఆ గడి మీద టిక్కు పెట్టినవాళ్ళమే. కాకపోతే ఆయన స్క్రిప్టును పరీక్షించింది తన పేరు మీద. ఆయన అడ్మినిస్ట్రేటరుగా లాగిన్ అయి నడిపితే నడవక ఏం చేస్తుంది? రోగి జ్వరం చూడాల్సి వచ్చి థర్మామీటరు తన నోట్లో పెట్టుకున్నట్టు.

రోగి నోట్లోనే పెట్టాలి. అంటే స్క్రిప్టు ఎవరి పేరు మీద నడవాలో మనం కాసేపు వాళ్ళమైపోవాలి. పాస్‌వర్డు లేని వాడుగా లాగిన్ అవడం ఎట్లా అంటారా? పూర్వం విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఒక దొడ్డిదారి ఉండేది. 'ఎట్' అనే ఆదేశంతో, ఫలానా టైముకు కమాండ్ కిటికీ తెరువు అని చెప్పి, ఆ నిమిషం కోసం గోడ గడియారం చూస్తూ కూర్చునేవాళ్ళం. టైము కాగానే మన తెర మీద సిస్టమ్ కిటికీ తెరుచుకునేది. విస్టాతో ఆ ముచ్చట తీరిపోయింది. సర్వీసులన్నింటినీ సున్నా నంబరు సెషన్ అనే వేరే గదిలోకి మార్చేసి, మనుషుల తెరకూ వాళ్ళకూ మధ్య గోడ కట్టారు. మంచిదే చేశారు.

ఇప్పుడు మేం వాడేది పీఎస్ఎగ్జెక్ అనే చిన్న పనిముట్టు. మార్క్ రస్సినోవిచ్ రాశాడు. ఆయనా, బ్రైస్ కాగ్స్‌వెల్ అనే మిత్రుడూ కలిసి 1996లో మొదలుపెట్టిన సిస్ఇంటర్నల్స్ పనిముట్ల సంచిలోది ఇది. ఆ సంచిని 2006లో మైక్రోసాఫ్టు కొనేసింది. ఇప్పటికీ ఉచితమే. ఇది చేసే కిటుకు తెలుసుకోదగ్గది. సర్వీసు అనే జాతి ప్రోగ్రాములు మామూలుగా సిస్టమ్ పేరు మీద నడవగలవు కదా. అందుకని ఇది ఒక బుల్లి సర్వీసును మెషీన్‌లో పెడుతుంది. ఆ సర్వీసు మనకు కావలసిన కిటికీని తన పేరు మీద తెరిచిపెడుతుంది. పని కాగానే సర్వీసు తన చాప చుట్టుకుని వెళ్ళిపోతుంది.

మిల్లులో ఆ రోజు అదే చేశాను. మేనేజరు గారికి ముందే చెప్పాను, ఈ మెషీన్‌లో ఇది నడపబోతున్నాను, యాంటీవైరస్ గోల పెట్టొచ్చు అని. గోల పెట్టింది కూడా. దాని తప్పు లేదు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాయదారి వైరసు కంపెనీలకు కంపెనీలను నేలకూల్చినప్పుడు ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు పాకడానికి ఈ పీఎస్ఎగ్జెక్‌నే వాడుకుంది. కన్నం వేసేవాడి గునపమూ, పునాది తవ్వేవాడి గునపమూ ఒక్కటే.

కమాండ్ కిటికీని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అని తెరిచి, పీఎస్ఎగ్జెక్, దాని వెనక ఐ, ఎస్ అనే రెండు అక్షరాలు, సీఎండీ అని కొట్టాను. ఇంకో నల్ల కిటికీ మేలుకుంది. చూడటానికి తేడా ఏమీ ఉండదు. అందుకని మొట్టమొదట ఒక ప్రశ్న అడగాలి. విండోస్‌లోనూ, యునిక్స్‌లోనూ ఆ ఆదేశం పేరు ఒకటే: హూ యామ్ ఐ. నేనెవరు? అరుణాచలంలో రమణ మహర్షి వచ్చినవాళ్ళందరికీ ఇచ్చిన ప్రశ్న అదే. మహర్షి దగ్గర జవాబు రావడానికి జన్మలు పట్టొచ్చు గాని ఇక్కడ ఒక్క క్షణంలో వస్తుంది. 'ఎన్‌టీ అథారిటీ, సిస్టమ్' అని తెర మీద పడింది. పక్కన కుర్చీలో అకౌంటెంటు గారు కళ్ళజోడు సవరించుకుని, "అంటే ఇప్పుడు నువ్వు నువ్వు కాదన్నమాట" అన్నారు. అంతే మరి.

ఇప్పుడు ఆ శరీరంలోంచి లోకాన్ని చూడాలి. స్క్రిప్టులో రాసింది ఏమిటి? ఫైళ్ళను జడ్ డ్రైవులోకి కాపీ చెయ్యమని. జడ్ డ్రైవులో ఏముందో చూపించమని అడిగాను. 'ఆ దారి దొరకలేదు' అని ఇంగ్లీషులో జవాబు. అకౌంటెంటు గారు తన పక్క తెర చూపించి, "ఇదిగో జడ్ డ్రైవు, కనపడుతోంది గదా!" అన్నారు. ఆయనకు కనపడుతుంది. ఎందుకంటే జడ్ అనేది మెషీన్‌ది కాదు, ఆయనది. సర్వరులో ఉన్న ఒక ఫోల్డరుకు ఆయన లాగిన్ అయినప్పుడు పెట్టిన ముద్దుపేరు అది. ఇంట్లో పిల్లవాణ్ణి 'చంటీ' అని పిలిస్తే ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది గాని, పోస్ట్‌మన్‌కు తెలుస్తుందా? సిస్టమ్‌కు ఆ ముద్దుపేరు తెలియదు. పూర్తి చిరునామా కావాలి, రెండు వెనక్కి వాలిన గీతలు, సర్వరు పేరు, మళ్ళీ గీత, ఫోల్డరు పేరు.

పూర్తి చిరునామా కొట్టి చూశాను. ఈసారి జవాబు మారింది. 'యాక్సెస్ ఈజ్ డినైడ్.' అనుమతి లేదు.

ఈ మాట చూసి చాలామంది నీరుగారిపోతారు. నాకు మాత్రం హుషారు వచ్చింది. దారి దొరకలేదు అన్నవాడు ఇప్పుడు గుమ్మం దాకా వచ్చి లోపలికి రానివ్వలేదు అంటున్నాడు. తప్పు మారిందంటే మనం ఒక మెట్టు ఎక్కినట్టు. పదిహేను రోజులుగా ఎవరూ చేరని గుమ్మం అది.

ఇక అసలు సంగతి. తన మెషీన్‌లో అంత పెత్తనం ఉన్న సిస్టమ్‌ను సర్వరు ఎందుకు రానివ్వలేదు? మన సామెతే జవాబు, ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఆయన పెత్తనమంతా గడప లోపలే. నెట్‌వర్కు అనే వీధిలోకి అడుగు పెట్టగానే ఆయన పేరు కూడా ఆయనతో రాదు. డొమైన్‌లో (ఆఫీసు మెషీన్లూ మనుషులూ అందరూ ఒకే పట్టీలో నమోదైన వ్యవస్థలో) ఉన్న మెషీన్ అయితే, బయటివాళ్ళకు ఆయన ఆ కంప్యూటరు పేరుతో, చివర ఒక డాలరు గుర్తుతో కనబడతాడు. అకౌంట్స్-2 అనే మెషీన్ సిస్టమ్ వీధిలో 'అకౌంట్స్-2 డాలరు'. సర్వరులో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4624 నంబరు ఈవెంట్లు చూస్తే, నేను చిరునామా కొట్టిన నిమిషానికి ఆ డాలరు పేరు వచ్చి తలుపు తట్టిన ఆనవాలు కనిపించింది. సర్వరు గుర్తుపట్టి పలకరించింది, ఫోల్డరు మాత్రం తెరవలేదు.

విండోస్‌లో ఇట్లాంటి ఆసాములు ఇంకో ఇద్దరు ఉన్నారు. ఎక్స్‌పీ కాలంలో వచ్చారు. నెట్‌వర్క్ సర్వీస్ ఇంట్లో బక్కవాడు, వీధిలో మాత్రం అదే డాలరు పేరు. లోకల్ సర్వీస్ ఇంట్లోనూ బక్కవాడే, వీధిలో అసలు అనామకుడు. స్క్రిప్టు ఈ ముగ్గురిలో ఎవరి చేతిలో ఉందో తెలియకుండా పర్మిషన్లు ఇవ్వబోవడం అడ్రసు రాయని కవరు పోస్టు డబ్బాలో వెయ్యడమే. ఇంకో చిక్కు, షేరు మీద పర్మిషన్ వేరు, లోపల ఫోల్డరు మీద పర్మిషన్ వేరు. రెండూ ఒప్పుకోవాలి. ఒకటి అవునని ఒకటి కాదంటే కాదన్న మాటే నెగ్గుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు మన పెద్దలు.

సిస్టమ్ కిటికీలో అక్కడే ఇంకొంచెంసేపు కూర్చుంటే ఆయన కాపురం ఎట్లాంటిదో అర్థమవుతుంది. ఆయనకూ సొంత ఇల్లు ఉంది. విండోస్ ఫోల్డరులో సిస్టమ్32, అందులో కాన్ఫిగ్, అందులో సిస్టమ్‌ప్రొఫైల్. అదీ ఇల్లు. మీరు కలిపిన నెట్‌వర్కు ప్రింటరు ఆయనకు కనపడదు. మీరు బ్రౌజరులో పెట్టుకున్న ప్రాక్సీ ఆయనకు తెలియదు, అందుకే మీకు వచ్చే ఇంటర్నెట్ ఆయనకు రాకపోవచ్చు. రిజిస్ట్రీలో 'కరెంట్ యూజర్' అని మీరు రాసిన మాటను ఆయన తన సొంత పేజీగా చదువుకుంటాడు.

ఎక్సెల్ కథ మరీ చిత్రం. రాత్రిపూట స్క్రిప్టుతో ఎక్సెల్ తెరిపించి రిపోర్టులు తీయించాలని చూసినవాళ్ళకు ఎక్సెల్ తెరుచుకోక, కారణం తెలియక తలలు బద్దలయ్యేవి. చివరికి ఎవరో సిస్టమ్‌ప్రొఫైల్ లోపల 'డెస్క్‌టాప్' అనే పేరుతో ఒక ఖాళీ ఫోల్డరు చేసి పెడితే ఎక్సెల్ బుద్ధిగా తెరుచుకుంది. తెర ముందు ఎన్నడూ కూర్చోని మనిషికి బల్ల కావాల్సి వచ్చింది! మైక్రోసాఫ్టు మాత్రం మనిషి లేని చోట ఆఫీసు ప్రోగ్రాములు ఇట్లా నడపవద్దనే చెబుతుంది. నేనూ అదే అంటాను. కిటుకు తెలిసినంత మాత్రాన దాని మీద మిల్లు నడపకూడదు.

ఇంకా మొండి కేసులు ఉంటాయి. స్క్రిప్టు నోరు విప్పదు, ఊరికే చచ్చిపోతుంది. అప్పుడు అదే సంచిలోంచి ప్రాసెస్ మానిటర్ తీసి పక్కన నడపాలి. ఎవరు ఏ ఫైలు తెరవబోయారు, ఏమని జవాబు వచ్చింది, అంతా లైను లైనుగా రాస్తుంది. క్షణానికి వేల లైన్లు వచ్చి పడతాయి, బెంబేలు పడకూడదు. 'యాక్సెస్ డినైడ్' అన్న ఫలితాలు మాత్రం చూపించు అని వడపోస్తే నాలుగైదు మిగులుతాయి. దొంగ వాటిలో ఉంటాడు.

ఇక్కడ ఒక పక్కమాట. రోబోకాపీ వాడేవాళ్ళు వినండి. టాస్క్ షెడ్యూలరులో చివరి ఫలితం ఒకటి అని పడితే తప్పు జరిగిందని గాభరా పడతారు. చాలా ప్రోగ్రాములకు సున్నా అంటే మంచి, ఒకటి అంటే చెడు. రోబోకాపీకి మాత్రం ఒకటి అంటే 'కొత్త ఫైళ్ళు ఉన్నాయి, కాపీ చేశాను' అని అర్థం. ఎనిమిదీ ఆ పైన వస్తేనే చెడు. శుభవార్త తెచ్చినవాడిని తన్ని పంపినవాళ్ళు నాకు తెలుసు.

మిల్లు దగ్గరకు మళ్ళీ వద్దాం. దారి తెలిసింది, గుమ్మం తెలిసింది, తట్టేవాడి పేరు తెలిసింది. సర్వరులో ఆ ఫోల్డరుకు 'అకౌంట్స్-2 డాలరు'కు రాసే హక్కు ఇస్తే పని అయిపోతుంది. పర్మిషన్ల పెట్టెలో కంప్యూటరు పేరు కొడితే 'అట్లాంటి వాడు లేడు' అంటుంది. అక్కడ 'ఆబ్జెక్ట్ టైప్స్' నొక్కి కంప్యూటర్స్ అనే గడికి టిక్కు పెడితేగాని వెతకదు. ఈ ఒక్క టిక్కు తెలియక ఎవ్రీవన్ ఇచ్చేసినవాళ్ళు ఎంతమందో.

అది చేసేద్దామని ఉన్నవాణ్ణి ఆగిపోయాను. డి డ్రైవులో ఆ ఫోల్డరు మళ్ళీ తెరిచి చూశాను. టాలీ డేటా పక్కనే, అదే ఫోల్డరులో, స్క్రిప్టు ఫైలు కూడా ఉంది. దానికీ ఎవ్రీవన్, ఫుల్ కంట్రోలే.

ఏమిటి దీనర్థం? ఆ ఆఫీసులో ఏ మూల కూర్చున్నవాడైనా, నిన్న చేరిన అప్రెంటిసు కుర్రాడైనా ఆ చీటీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఇంకో లైను కలపొచ్చు. రాత్రి ఒంటిగంటకు సిస్టమ్ లేచి, ఎవరు రాశారని అడగకుండా, ఆ లైను కూడా తన పూర్తి పెత్తనంతో చేసిపెడతాడు. ఫలానావాణ్ణి అడ్మినిస్ట్రేటరు చెయ్యి అని రాస్తే చేస్తాడు. డి డ్రైవు మొత్తం చెరిపెయ్యి అంటే చెరుపుతాడు. రాజముద్ర వేసిన ఖాళీ కాగితాలు వసారాలో పెట్టి పడుకున్నట్టు. బ్యాకప్ పడకపోవడం కంటే వెయ్యి రెట్లు పెద్ద ప్రమాదం అది. ఈ సంగతి విని మేనేజరు గారు చాలాసేపు మాట్లాడలేదు.

ఇది కొత్త సంగతీ కాదు. ఎం.ఐ.టి.లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే ఒక పెద్ద వ్యాసం రాశారు. ఏ ప్రోగ్రామైనా, ఏ మనిషైనా తన పనికి ఎంత అధికారం అవసరమో అంతతోనే పని చెయ్యాలి అన్నది అందులో ఒక సూత్రం. దానికి ముందే బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ, ఒక ప్రోగ్రాము నడిపినవాడి హక్కులతో కాక దాని యజమాని హక్కులతో నడిచే ఉపాయం కనిపెట్టాడు. దాని మీద పేటెంటు 1979లో వచ్చింది.

అంతకంటే పాత కథ ఒకటి ఫెర్నాండో కార్బటో తన 1990 ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో చెప్పాడు. 1960లలో ఎం.ఐ.టి.లోని సీటీఎస్ఎస్ అనే కంప్యూటరు వ్యవస్థలో ఒక ఎడిటరు ఉండేది. ఒక ఫోల్డరులో ఒకేసారి ఒక్కరే పనిచేస్తారన్న నమ్మకంతో, అది తన చిత్తు ఫైలుకు ఎప్పుడూ ఒకటే పేరు పెట్టేది. అందరికీ అది నిజమే. సిస్టమ్ చూసుకునే పెద్దలు మాత్రం తమ సౌకర్యం కోసం ఒకే ఫోల్డరును పంచుకున్నారు. ఒకాయన పాస్‌వర్డుల ఫైలు సరిచేస్తున్నాడు, ఇంకొకాయన రోజూ లాగిన్ అయినవాళ్ళకు కనిపించే ప్రకటన రాస్తున్నాడు. చిత్తు ఫైళ్ళు తారుమారయ్యాయి. ఒక సాయంత్రం ఐదు గంటల వేళ లాగిన్ అయిన ప్రతివాడికీ ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ టకటకా అచ్చయి చేతికి వచ్చాయి. మామూలువాళ్ళకు పెట్టిన కట్టు పెద్దలు తమకు లేదనుకున్నారు, అంతే.

మిల్లులో చివరికి సిస్టమ్‌ను ఈ పనిలోంచి తప్పించాను. బ్యాకప్ కోసమే డొమైన్‌లో ఒక ప్రత్యేక అకౌంటు చేశాను. స్క్రిప్టు నడపడం, టాలీ ఫోల్డరు చదవడం, సర్వరులో ఒక్క ఫోల్డరులో రాయడం, ఈ మూడు తప్ప దానికి ఇంకే హక్కూ లేదు. స్క్రిప్టును వేరే ఫోల్డరులోకి మార్చి, అడ్మినిస్ట్రేటర్లు తప్ప ఎవరూ దిద్దకుండా, వాళ్ళూ ఆ బ్యాకప్ అకౌంటూ తప్ప ఎవరూ నడపకుండా చేశాను. జడ్ తీసేసి పూర్తి చిరునామా రాశాను. ఎవ్రీవన్ తీసేశాను. తీసేటప్పుడు భయమేసింది, నిజం చెప్పాలి, ఇంతకాలం దాని చాటున ఇంకేమేమి నడుస్తున్నాయో అని. రెండు రోజులు ఏదో ఒకటి ఆగుతూనే ఉంది. ఆగినదానికల్లా పేరు కనుక్కుని, దానికి కావలసినంత ఇచ్చాను.

లినక్స్ వాళ్ళు, ఇదంతా విండోస్ గొడవ, మాకేం అనుకోకండి. మా మేనల్లుడు హైదరాబాదులో చదువుకుంటూ ఏదో వెబ్‌సైటు కట్టాడు. "మామయ్యా, ఫైలుకు 777 ఇచ్చినా పర్మిషన్ లేదంటోంది" అని ఫోను. 777 అంటే వాళ్ళ ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్. "ఆ ఫైలు చదవాల్సింది నువ్వా, వెబ్ సర్వరా?" అని అడిగాను. ఉబుంటులో వెబ్ సర్వరు డబ్ల్యు డబ్ల్యు డబ్ల్యు డేటా అనే అకౌంటు మీద నడుస్తుంది. దానికి లాగిన్ కూడా ఉండదు. "సుడో వెనక యు తగిలించి, ఆ పేరు చెప్పి, ఆ ఫైలు చదివి చూడు" అన్నాను. చదవలేదు. దారి పొడుగునా ఏ గుమ్మం ఎవరిదో చూపించే 'నేమై' అనే ఆదేశం నడిపించాను. వాడి ఫైలు వాడి హోమ్ ఫోల్డరులో ఉంది. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డరు తలుపులు బయటివాళ్ళకు మూసే ఉంటాయి. వీధి గుమ్మానికి గడియ వేసి పూజగది తలుపు బార్లా తెరిస్తే ఎవరొస్తారు? ఫైళ్ళను వెబ్ సర్వరు ఫోల్డరుకు మార్చి, 777 తీసెయ్యమన్నాను. రెండు నిమిషాల పని. టైము ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో పెట్టిన స్క్రిప్టులకు కూడా ఇదే రేచీకటి. అక్కడ ఆదేశాలను వెతికే దారి మామూలుగా రెండే ఫోల్డర్లు. మీ టెర్మినల్‌లో ఉన్న సౌకర్యాలేవీ అక్కడ ఉండవు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. మన జానపద కథల్లో ఒక రాజు పరకాయ ప్రవేశం నేర్చి, చచ్చిన చిలక శరీరంలో దూరి చెట్ల మీద ఎగురుతుంటాడు. ఆ విద్య చాటుగా విన్నవాడొకడు ఖాళీగా పడున్న రాజు శరీరంలో దూరి సింహాసనమెక్కి కూర్చుంటాడు. సిస్టమ్ కిటికీ తెరిచి టీ తాగడానికి వెళ్ళే అడ్మిన్‌లను చూసినప్పుడల్లా నాకు ఆ చిలక గుర్తొస్తుంది. చూడాల్సింది చూసి, 'ఎగ్జిట్' కొట్టి, వెంటనే మీ ఒంట్లోకి మీరు రండి. మళ్ళీ ఒకసారి హూ యామ్ ఐ అని అడిగి మీ పేరు వస్తోందో లేదో చూసుకున్నా తప్పు లేదు. ఇదంతా మీ బాధ్యతలో ఉన్న మెషీన్ మీద, యజమానికి చెప్పి చెయ్యాల్సిన పని అని వేరే చెప్పక్కర్లేదు.

వారం తర్వాత అకౌంటెంటు గారు మళ్ళీ ఫోను చేశారు. "బాబూ, రేచీకటి పోయింది. రోజూ పడుతోంది. కాని ఆ స్క్రిప్టు మీద క్లిక్ చేస్తే నాకిప్పుడు నడవటం లేదు, పర్మిషన్ లేదంటోంది" అన్నారు. "అవునండీ, అది ఇప్పుడు మీ పని కాదు గదా" అన్నాను. కాస్త నొచ్చుకున్నారు గాని ఒప్పుకున్నారు.

ఈ మాటలు వింటున్న వాళ్ళలో ఆఫీసు కంప్యూటర్లు చూసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, రేపు పొద్దున ఒక్క అరగంట తీరిక చేసుకోండి. టాస్క్ షెడ్యూలరు తెరిచి ఏ పని ఎవరి పేరు మీద నడుస్తోందో ఒక కాగితం మీద రాయండి. సిస్టమ్ అని ఉన్న ప్రతిచోటా, ఆ స్క్రిప్టు ఫైలును ఎవరెవరు దిద్దగలరో చూడండి. అక్కడ ఎవ్రీవన్ కనబడితే సాయంత్రం దాకా ఆగకండి.